స్టీలు గ్లాసులో సంస్కారం

మా అత్తగారికి ఎక్స్‌రే అంటే ప్రాణం. మోకాలు సలిపితే ఎక్స్‌రే, నడుము పట్టేస్తే ఎక్స్‌రే, దగ్గు నాలుగు రోజులు తగ్గకపోతే గుండెలకి ఒకటి. అనకాపల్లి మెయిన్ రోడ్డు మీద ఎక్స్‌రేలు తీసేవాళ్ళందరికీ ఆవిడ మొహం తెలుసు. తీయించుకున్న ఫిల్ములన్నీ వాటి కవర్లతో సహా పరుపు కింద దాచేది. ఇంటికి ఎవరైనా వస్తే ఒకటి బయటికి తీసి, కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, తన ఎముకల్ని తానే మెచ్చుకునేది. తీయించుకున్న మర్నాటికే నొప్పి సగం పోయిందని అందరికీ చెప్పేది. అది మందు కాదు అత్తయ్యా, ఉత్త ఫోటో అని నేనొకసారి అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి కవరు మళ్ళీ పరుపు కిందికి తోసేసింది.

అంత ధైర్యం గల మనిషి, నా ఒంట్లో రేడియేషన్ ఉందని చెప్పి నా కూతుర్ని దాదాపు మూడు నెలలు నా దగ్గరికి రానివ్వలేదు. డాక్టరు చెప్పింది నెలాఖరు దాకా. మిగతాదంతా ఆవిడ సొంత వైద్యం. ఆవిడ ఇప్పుడు లేదు. జ్ఞాపకార్థ కూటంలో ఆవిడ గురించి మంచి మాటలు చాలామంది చెప్పారు. ఈ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నాను.

అవి రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. నేను గవరపాలెంలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచర్ని. మావారు బెల్లం మార్కెట్లో ఒక వ్యాపారి దగ్గర గుమస్తా. మాకు ఒక్కతే కూతురు, అప్పటికి దానికి రెండేళ్ళు దాటాయి, మాటలు గలగలా వచ్చేస్తున్నాయి. ఆ రోజుల్లోనే నాకు గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి విపరీతంగా పనిచేయడం మొదలైంది. ఎంత తిన్నా ఒళ్ళు చిక్కిపోయేది. ఊరికే కూర్చున్నా గుండె దడదడలాడేది. బోర్డు మీద రాస్తుంటే చేతులు వణికి అక్షరాలు వంకర్లు పోయేవి. అయినదానికీ కానిదానికీ మండిపడేదాన్ని, అది కూడా జబ్బు లక్షణమేనని డాక్టరు చెప్పాడు. జబ్బు తగ్గింది గానీ కోపం తగ్గలేదు, కాబట్టి ఆ ఒక్క విషయంలో ఆయన పొరపడ్డాడు.

ఏడాది పాటు మాత్రలు మింగినా లొంగలేదు. ఇక అయోడిన్ మందు ఇస్తామన్నారు విశాఖపట్నంలో. మనం తిన్న అయోడిన్‌ని ఆ గ్రంథి ఎలాగూ పీల్చుకుంటుంది. ఈ అయోడిన్‌లో కొంచెం రేడియేషన్ ఉంటుంది, అది లోపలికి వెళ్ళి గ్రంథిని కొంత మాడ్చి దారికి తెస్తుంది. తక్కువ మోతాదు, ఒక్క గొట్టం మాత్ర, మింగేసి ఇంటికి వెళ్ళిపోవచ్చు. కాకపోతే అది ఒంట్లోంచి తరిగిపోయేదాకా చిన్నపిల్లలకీ కడుపుతో ఉన్నవాళ్ళకీ దూరంగా ఉండాలి, విడిగా పడుకోవాలి, మరుగుదొడ్లో నీళ్ళు ఎక్కువ పోయాలి. ఎన్నాళ్ళు అని అడిగాను. ఈ నెలాఖరు దాకా ఉంటే చాలు, ఆ తర్వాత మీ పిల్లని ఎత్తుకోండి అన్నాడు. రెండేళ్ళ పిల్ల ఇంట్లో ఉండి తల్లికి దూరంగా ఉండదు. అందుకని గొలుగొండలో ఉన్న మా ఆడపడుచు దగ్గరికి నెలాఖరు దాకా పంపిద్దామని నేనే అన్నాను. ఆ జాగ్రత్త సరైనదే, దాని మీద నాకే పేచీ లేదు.

మందు తీసుకునే రోజు అత్తగారు కూడా వస్తానని పట్టుబట్టింది. వచ్చి తలుపు అద్దంలోంచి అంతా చూసింది. మాత్రని బరువైన సీసం డబ్బాలో తెచ్చారు. తెచ్చినతను పొడుగాటి పటకారుతో దాన్ని గ్లాసులో వేసి, మందపాటి అద్దం వెనక్కి వెళ్ళి నిలబడి, మింగండి అని చెయ్యి ఊపాడు. బయట నర్సు అందరినీ దూరం, దూరం అని కేకలేసి జరిపింది. వాళ్ళు ఏడాది పొడుగునా రోజూ ఆ మందుతోనే పనిచేస్తారు కాబట్టి వాళ్ళ జాగ్రత్త వాళ్ళు పడతారు. ఆ మాట ఎవరైనా ఒక్క నిమిషం నిలబడి మా అత్తగారికి మామూలు తెలుగులో చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. సగం ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పి, చేతిలో ఒక కాయితం పెట్టి, తర్వాతివాళ్ళని పిలిచారు. ఆ ఆస్పత్రి మీద కూడా నాకు ఒళ్ళు మంటే.

నెలాఖరు దాకా పెరటి వైపు గదిలో ఉన్నాను. అత్తగారు అన్నం కంచం తెచ్చి గడప మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి వేసేది. నేను వెళ్ళి తీసుకునేదాన్ని. మావారు గుమ్మం బయట నిలబడి బెల్లం రేట్లు చెప్పేవారు. ఆడపడుచు పక్కింటివాళ్ళ ఫోన్ నుంచి పిల్ల చేత మాట్లాడించేది. ఫోనులో అంటుకోదు కదా అని అత్తగారు ఒకటికి రెండుసార్లు కొడుకుని అడిగి నిర్ధారించుకుంది.

నెల గడిచింది. నేను తలంటుకుని, గది కడుక్కుని, బడికి వెళ్ళాను. హెడ్మిస్ట్రెస్‌కి డాక్టరు కాయితం చూపించాను. ఆవిడ చదివి, సోమవారం నుంచి వచ్చెయ్యండి, ఐదో తరగతి పాఠాలు వెనకబడ్డాయి అంది. అంతే. ఊళ్ళోవాళ్ళ పిల్లలు నా కుర్చీ చుట్టూ మూగేవాళ్ళు, నా చీర కొంగుకి సిరా పూసేవాళ్ళు. ఇంటికొచ్చి నా పిల్లని ఎప్పుడు తెస్తున్నారని అడిగితే మాత్రం అత్తగారు చూద్దాంలే అని మాట దాటేసేది. అడగ్గా అడగ్గా ఒకనాడు అసలు మాట బయటపెట్టింది. కాయితాలదేముంది, ఎవరైనా రాసేస్తారంది. నెల కాదు, ఆరు నెలలైనా ఆ మందు తాలూకు కాక ఒంట్లో ఉంటుందట. పటకారుతో పట్టుకున్న మందు మింగిన మనిషి పక్కలో పసిపిల్లని పడుకోబెడతారా అని నన్నే అడిగింది.

ఆ నెల మొదటి ఆదివారం మా గుడిలో ప్రభు సంస్కారం, నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధన.

మా సంఘంలో అందరికీ ఒకటే గిన్నె. వెండి పూత పోసిన పాత గిన్నె, అంచు దగ్గర పూత పోయి లోపలి రంగు కనబడుతుంది. వరసగా మోకరిస్తే పాస్టరు అయ్యగారు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళ పెదాలకి ఆనించి, తెల్లగుడ్డతో అంచు తుడిచి, పక్కవాళ్ళకి ఇస్తారు. బయటివాళ్ళకి అది ఎంగిలిలా కనబడొచ్చు. మాకు అది వేరు. మా తాతలు ఊరి టీ కొట్టు బయట, చూరుకి గుచ్చిన వేరే గ్లాసు తీసుకుని, టీ పోయించుకుని, తాగి, కడిగి, మళ్ళీ అక్కడే గుచ్చి వచ్చినవాళ్ళు. ఆ గ్లాసు అక్కర్లేదనుకునే ఈ గుడి మెట్లెక్కారు. అందరి నోళ్ళూ తగిలిన గిన్నె తమ నోటికి కూడా అందిన రోజు మా తాత ఏడ్చాడట. ఆ కథ మా నాన్న చెప్పగా వినే నేను పెరిగాను.

ఆ ఆదివారం నేను ఆడవాళ్ళ వరసలో మోకరించాను. రొట్టె ముక్క అందరితో పాటే పెట్టారు. గిన్నె నా పక్కావిడ దాకా వచ్చింది. అయ్యగారు ఆవిడకి ఇచ్చి, అంచు తుడిచి, గిన్నెని బల్ల మీద పెట్టేశారు. బల్ల మీదే గుడ్డ కప్పి ఉంచిన స్టీలు గ్లాసు ఒకటి తీశారు. అడుగున కాస్త ద్రాక్షరసం ఉంది. దాన్ని తెచ్చి నా ముందున్న చెక్క మీద పెట్టి, ఒక అడుగు వెనక్కి వేశారు. ఆ గ్లాసు మా ఇంట్లోది. నేను రోజూ మజ్జిగ తాగే గ్లాసు, దాని మీద మా పెళ్ళి తేదీ చెక్కి ఉంటుంది.

నాకు తల కొట్టేసినట్టయింది. గ్లాసు ఎత్తి ఆయన మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు, తాగాను. ఎందుకు తాగానంటే, పిల్ల ఇంకా గొలుగొండలో ఉంది.

ఆరాధన అయ్యాక అయ్యగారిని మెట్ల దగ్గర ఆపాను. ఆయన వయసులో నాకంటే చిన్నవాడు, బైబిలు కాలేజీ నుంచి వచ్చి రెండేళ్ళు కూడా కాలేదు. సంఘంలో విశ్వాసంలో బలహీనులున్నారమ్మా, వాళ్ళకి అభ్యంతరం కలగకూడదు కదా అన్నాడు. మీ అత్తగారే వచ్చి అందరి మేలూ కోరి చెప్పారన్నాడు. డాక్టరు కాయితం చూస్తారా అంటే, అవన్నీ నాకు తెలియవమ్మా అని చెప్పులు వేసుకున్నాడు. మా అత్తగారు స్త్రీల సమాజానికి పెద్ద. సంస్కారానికి ఎండు ద్రాక్ష నానబెట్టి రసం పిండేదీ, ఆ గిన్నె కడిగి తుడిచేదీ ఎన్నో ఏళ్ళుగా ఆవిడే. ఆవిడ మాట కాదని ఆ గుడిలో ఎవరూ బతికి బట్టకట్టలేరు.

ఇంటికొచ్చాక ఆవిడ చల్లగా తీర్పు చెప్పింది.

"సంగమంతా తాగే గిన్నెలో అయ్యగారు నీకిచ్చిన రోజు పిల్లని తెత్తాను. అప్పటిదాకా నన్నడక్కు."

గిన్నె ఇవ్వొద్దని చెప్పేది ఆవిడ. గిన్నె ఇచ్చాకే పిల్లని తెస్తాననేదీ ఆవిడే. మావారి వైపు చూశాను. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ, అమ్మ మనసు కష్టపెట్టడమెందుకు, కొన్నాళ్ళు ఓపిక పట్టు అన్నారు. ఆయన మంచివారు. మంచివాళ్ళ మీద నాకు నమ్మకం పోయింది ఆ సంవత్సరమే.

తర్వాతి నెల కూడా స్టీలు గ్లాసే. ఆ నెలలోనే ఒకరోజు ఆడపడుచు పిల్లని తీసుకుని అనకాపల్లి వచ్చింది. తెచ్చింది నాకివ్వడానికి కాదు, చూపించడానికి. నేను బడి నుంచి వచ్చేసరికి పిల్ల వీధి అరుగు మీద ఉంది. కొత్త గౌను వేసుకుని, కాస్త పొడుగైంది. నన్ను చూసి లేచింది. అత్తగారు దాని జబ్బ పట్టుకుని ఆపేసి, చేతిలో బిస్కెట్టు పొట్లం పెట్టి, అక్కడ పెట్టి వచ్చెయ్యి, అమ్మ తీసుకుంటాది అంది. పిల్ల బుడిబుడి అడుగులేసుకుంటూ వచ్చి, అరుగు చివర పొట్లం పెట్టి, నా మొహం ఒకసారి చూసి, వెనక్కి పరిగెత్తింది. అందరూ దాన్ని మెచ్చుకున్నారు. బంగారు తల్లి, ఎంత బుద్ధిగా విన్నాదో అని ముద్దులు పెట్టారు.

ఒక్క అంగలో ఎత్తుకుని ఉండొచ్చు. ఎందుకు ఎత్తుకోలేదని ఇప్పటికీ అనుకుంటాను. అందరూ అన్నాళ్ళు దూరం జరుగుతుంటే మనకి కూడా మన ఒంటి మీద అనుమానం వస్తుంది. ఒకవేళ వీళ్ళ మాటే నిజమైతే, నా పిల్లకి నా వల్లే ఏమైనా అయితే అన్న పురుగు నా బుర్రలోకి కూడా దూరింది. ఆ భయం నాకు అంటించింది ఆ మందు కాదు, మా ఇల్లు. ఆ సాయంత్రం ఆ బిస్కెట్లు నేను తినలేదు, కుక్కకి వేశాను.

మళ్ళీ పరీక్షకి విశాఖపట్నం వెళ్ళాల్సిన రోజు వచ్చింది. ఈసారి అత్తగారు రానంది. నేను వదల్లేదు. నువ్వు వచ్చి నీ చెవులతో వింటే సరి, లేకపోతే ఈ రోజే గొలుగొండ వెళ్ళి పిల్లని ఎత్తుకొచ్చేస్తాను అని మొదటిసారి ఏకవచనంలో మాట్లాడాను. ఆవిడ చీర మార్చుకుంది.

డాక్టరు నా రిపోర్టులు చూసి, గ్రంథి దారికొచ్చింది అన్నాడు. పిల్లని ఇవ్వడం లేదని చెప్పాను. ఆయన అర్థం కానట్టు నా వైపు, అత్తగారి వైపు చూశాడు. నెలాఖరు దాకానే అని చెప్పాను కదండీ, ఇంకా ఏంటి అని విసుక్కున్నాడు. విసుగు చాలదు, ఆవిడకి చూపించండి అన్నాను. ఆయన లేచి సొరుగులోంచి ఒక చిన్న మిషను తీశాడు. రేడియేషన్ ఉంటే చప్పుడు చేస్తుంది, ఎంత ఎక్కువ ఉంటే అంత గబగబా కొట్టుకుంటుంది అని చెప్పి మీట నొక్కాడు. టిక్, కాస్త ఆగి మళ్ళీ టిక్. ఇంకా నా దగ్గరికి తేలేదు. అది చూడండి, గదిలో ఏమీ లేకపోయినా కొడుతుంది, ఎందుకంటే నేలలో, గోడ ఇటుకల్లో, పైన ఆకాశంలో, మన అందరి ఒంట్లో కూడా ఎప్పుడూ కాస్త ఉంటుంది, అది పుట్టినప్పటి నుంచీ ఉన్నదే అన్నాడు. తర్వాత నా గొంతుకి ఆనించినంత దగ్గరగా పెట్టాడు. అదే టిక్, అదే ఆగడం. గోడ దగ్గర పెట్టాడు, అంతే. తేడా లేదని ఆవిడకి నమ్మకం కలిగించాలని, బల్ల మీద పెట్టుకున్న ఆవిడ కుడిచెయ్యి మీదికి తెచ్చాడు.

టిక్.

ఆవిడ చెయ్యి లాగేసుకుంది. పాము తగిలినట్టు కుర్చీలోంచి లేచిపోయింది. గోడకీ నాకూ ఆవిడకీ ఒకటే చప్పుడంటే నాకేమీ లేదని అర్థం. ఎంత చిన్నపిల్లకైనా అర్థమయ్యే సంగతి. మా అత్తగారికి అర్థమైంది వేరు.

"నాకూ అంటించీసింది, బాబూ. ఒక ఎక్సురే తీసి సూడండి, ఎంత దూరం ఎల్లిందో."

డాక్టరు మిషను సొరుగులో పెట్టేశాడు. నాకు నవ్వు రాలేదు. ఆ గదిలో నవ్వు రావాల్సిన మాట అదొక్కటే, అయినా నాకు నవ్వు రాలేదు. నా లోపలి పురుగు మాత్రం ఆ మొదటి టిక్కుకే చచ్చిపోయింది. నేను శుభ్రంగా ఉన్నాను. ఎవరు చెప్పినా చెప్పకపోయినా ఉన్నాను.

బస్సులో ఆవిడ నా పక్కన కూర్చోలేదు. దారి పొడుగునా చీర కొంగులో కుడిచెయ్యి చుట్టుకుని కూర్చుంది. దిగాక, అది అందరికీ ఉండేదే అత్తయ్యా, డాక్టరు చెప్పింది అదే అని మళ్ళీ చెప్పాను. ఆవిడ చెవిన వేసుకోలేదు. ఇంటికెళ్ళి సబ్బుతో చెయ్యి తోమింది. మర్నాడు పొద్దున్నే మెయిన్ రోడ్డు మీదికి వెళ్ళి గుండెలకి ఎక్స్‌రే తీయించుకుని వచ్చింది. రేడియేషన్ అంటుకుందేమో చూసుకోవడానికి ఎక్స్‌రే. ఫిల్మును కిటికీకి పట్టుకుని చాలాసేపు వెతుక్కుంది. ఏమీ కనబడలేదు గానీ ధైర్యం రాలేదు. నాతో మాత్రం గట్టిగా ఒక మాట అంది.

"నీది నీ దగ్గరుంచుకో, నా సంగతి ఎవరికీ సెప్పకు."

అంటే ఆవిడ నమ్మింది. తన ఒంట్లో కూడా ఆ కాక ఉందని పూర్తిగా నమ్మింది. నేను రోజులు చూస్తూ కూర్చున్నాను. సంఘానికి చెబుతుందా, అయ్యగారికి చెబుతుందా, తనకి కూడా ఒక స్టీలు గ్లాసు పెట్టమంటుందా, రసం పిండే పని ఇంకొకరికి అప్పజెబుతుందా అని. ఆవిడ నోరు విప్పలేదు. సంస్కారం ముందు రోజు శనివారం సాయంత్రం వంటింట్లో గిన్నె చప్పుడైతే వెళ్ళి చూశాను. నానిన ఎండు ద్రాక్షని ఆవిడ పిసుకుతోంది. అదే కుడిచేత్తో. రసం మోచేతి దాకా కారుతోంది. నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ పిసకడం మొదలుపెట్టింది.

ఆ రసంలో ఏమీ లేదని నాకు తెలుసు. అది ఎవరు తాగినా ఏమీ కాదు. కానీ ఆవిడకి తెలియదు. విషమని నమ్మి కూడా సంఘమంతటికీ తాగించడానికి ఆవిడకి చెయ్యి ఆడింది, తన పెద్దరికం పోకుండా ఉంటే చాలు. నా పిల్లని నాకివ్వకపోవడం ప్రేమే, భయమే అని ఆ సాయంత్రం దాకా ఏదో మూల సర్దిచెప్పుకుంటూ వచ్చాను. ఆ సర్దుబాటు అక్కడితో అయిపోయింది.

ఆదివారం గుడిలో కావాలని వెళ్ళి ఆవిడ పక్కనే మోకరించాను. అయ్యగారు గిన్నె తెచ్చారు. ఆవిడ కళ్ళు మూసుకుని, అంచు అందుకుని తాగింది. అయ్యగారు తుడిచి, అలవాటుగా బల్ల వైపు తిరగబోయారు. నేను చెయ్యి చాపి గిన్నె అడుగు పట్టుకున్నాను. ఆయన బిత్తరపోయారు. గొంతు పెంచకుండా, ముందు రెండు వరసలకి మాత్రం వినబడేలా మాట్లాడాను.

"అయ్యగారూ, విశాఖపట్నంలో మిషను పెట్టి చూసేరు. నా మీద ఎంత కొట్టిందో ఈ రసం పిండిన చెయ్యి మీద కూడా అంతే కొట్టింది. నాకు గ్లాసైతే మా అత్తయ్యకి కూడా గ్లాసే పెట్టాల. అబద్ధమైతే ఆవిడ్నే చెప్పమనండి."

అయ్యగారు ఆవిడ వైపు చూశారు. ఆవిడ కళ్ళు తెరిచింది. పక్కన మోకరించినవాళ్ళు అందరూ ఆవిడ కుడిచేతి వైపు చూస్తున్నారు. ఆవిడ ఆ చేతిని మెల్లగా కొంగు కిందికి తీసుకుంది. గుడిలో అబద్ధం ఆడదు, అంతవరకు నేను లెక్క వేసుకునే మాట్లాడాను.

"ఇచ్చీండి అయ్యగారూ, ఆలీసం సెయ్యకండి," అంది.

తాగాను. తీపిగా, కాస్త వగరుగా ఉంది. మా తాత ఏడ్చినట్టు నాకు ఏడుపు రాలేదు. ఆ స్టీలు గ్లాసు బల్ల మీదినుంచి నేనే తీసుకుని, చివరి కీర్తన పూర్తికాకుండానే బయటికి నడిచాను. బస్సు కాంప్లెక్సు దాకా వెళ్ళాక వెనకాల మావారు రొప్పుతూ వచ్చారు. చేతిలో బైబిలు, కాళ్ళకి ఎవరివో చెప్పులు. ఇద్దరం నర్సీపట్నం బస్సెక్కాం.

గొలుగొండలో ఆడపడుచు ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వాన వెలిసింది, వాకిట్లో బురద. పిల్ల వసారాలో పీట మీద కూర్చుని జామకాయ కొరుక్కుంటోంది. నన్ను చూసింది. దాని మొహం వెలిగిపోయింది. అమ్మా అని అరుచుకుంటూ మెట్లు దిగి పరిగెత్తుకొచ్చింది. నేను చేతులు చాపాను.

వచ్చి వచ్చి, నాకు రెండు బారల దూరంలో, దానికదే ఆగిపోయింది. ఎవరూ ఆగమనలేదు. ఆడపడుచు ఇంకా ఇంట్లోనే ఉంది. పిల్ల వంగి, సగం కొరికిన జామకాయని జాగ్రత్తగా తడినేల మీద పెట్టింది. పెట్టి, నా వైపే చూస్తూ, నాలుగడుగులు వెనక్కి వేసింది. అచ్చం వాళ్ళ నాయనమ్మలా.

"తీస్కో అమ్మా. నాను దూరంగున్నాను," అంది.

అది నాకు ఇష్టంగా ఇస్తోంది. మంచిపని చేశానని, ఇప్పుడు మెచ్చుకుంటారని చూస్తోంది. నేను వెళ్ళి ఆ జామకాయ తీసుకుని, బురద కొంగుతో తుడిచి, దాని కళ్ళ ముందే తిన్నాను. తర్వాత వెళ్ళి ఎత్తుకున్నాను. ఒళ్ళంతా కర్రలా బిగదీసుకుంది. తప్పు తప్పు, నాయనమ్మ తిడతాది అని ఏడవడం మొదలుపెట్టింది. మావారు వాకిట్లో నిలబడి అదంతా చూశారు. ఆయన చూడాలనే నేను మధ్యలో దింపలేదు.

తిరుగు బస్సులో కూడా నా ఒళ్ళో అలాగే వెన్ను నిటారుగా పెట్టి, నాకు తగలకుండా ఉండటానికి ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చుంది. మాకవరపాలెం దాటాక నిద్ర పట్టి, పట్టు సడలి, తల వాలి వచ్చి నా గొంతు మీద ఆగింది. అక్కడే, వాళ్ళందరూ అన్నాళ్ళు భయపడిన చోట. అనకాపల్లి వచ్చేదాకా నేను మెడ కదపలేదు. మా అత్తగారు తర్వాత చాలా ఏళ్ళు బతికింది. ఒకటి రెండుసార్లు పిల్ల కోసమే భయపడ్డానని అంది. నేను విన్నాను గానీ క్షమించలేదు, ఇప్పుడు కూడా క్షమించడం లేదు.